తుపాకి గొట్టం – కత్తిపీట

తెలుగు పంతులికీ తుపాకికీ ఏమిటి చుట్టరికమని మీరు అడగవచ్చు. మా కాలేజీలో ఎన్.సి.సి. బాధ్యత నా నెత్తిన పడి కొన్నేళ్లయింది. పొద్దున సమాసాలు, సాయంత్రం కవాతు. ఛందస్సు చెప్పే గొంతుతోనే ‘సావధాన్’ అని కేకవేస్తాను. కనుక రైఫిలు గొట్టం త్వరగా, బాగా శుభ్రం చేయడం ఎలాగో నాలుగు ముక్కలు చెప్పే అధికారం నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. మీ ఇంట్లో తుపాకి ఉండకపోవచ్చు. కత్తిపీట ఉంటుంది గదా! రెండింటికీ సూత్రం ఒకటే.

మాది గూడూరు ప్రాంతం. మొన్న మొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. ఒక పక్క పాకాల అడవి, ఇంకో పక్క భీమునిపాదం జలపాతం. వానలకు కొదువ లేని చోటు. మా తాత పడుచువాడుగా ఉన్న రోజుల్లో అక్కడ భర్మారు తుపాకులుండేవి. మూతివైపునుంచి తుపాకిమందు దట్టించి పేల్చేవి. ఆ మందు మండాక సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. అందులో కొంత గొట్టానికే అంటుకుంటుంది. దాన్ని ఎలా వదిలించేవాళ్లని అడిగితే తాత, “నూనె తర్వాత బిడ్డా, ముందు నీళ్లు గాగనియ్యి” అనేవాడు. ఇనుముకు నీళ్లేమిటని మేము నవ్వేవాళ్లం.

ఆ మాటలోని అర్థం నాకు కాలేజీలో కాడెట్‌గా చేరాకగాని బోధపడలేదు. మాకు 303 రైఫిలు నేర్పిన హవల్దారుగారిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. 1895లో బ్రిటిషు సైన్యంలోకి వచ్చిన లీ-ఎన్‌ఫీల్డు వంశం అది. గొట్టం లోపల ఎడమకు మెలితిరిగిన అయిదు గాడులుంటాయి. తూటాను గిరగిర తిప్పి నిటారుగా పంపేవి అవే. ఫైరింగు అయిన సాయంత్రం మేమంతా నూనె సీసాల మీద పడితే, ఉస్తాద్ మాత్రం కట్టెల పొయ్యి మీద కాగు పెట్టించాడు. నీళ్లు సలసల మరిగాక గరాటు పెట్టి గొట్టంలో పోయించాడు. ఆ రోజు నాకు తాత గుర్తుకు వచ్చాడు.

సంగతేమిటంటే, పాత తూటాల అడుగున దెబ్బ తగలగానే అంటుకునే మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడు మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకు సొంత తమ్ముడన్నమాట. వర్షాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం మీరు చూడలేదూ? గొట్టంలోని ఉప్పూ అలాగే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి ఇనుము తుప్పు పడుతుంది. నూనెలో ఉప్పు కరగదు. కనుక నూనె రాసినంతమాత్రాన ఉప్పు పోదు, దాని మీద దుప్పటి కప్పినట్టవుతుంది. నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. నీళ్లు మరిగినవైతే గొట్టం వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది కూడా. మామిడికాయలు తరిగిన కత్తిపీటను మా అమ్మ ముందు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ పైన నూనె చుక్క రాసేది. ఉస్తాద్ చెప్పిన క్రమం అచ్చంగా అదే.

1920లలో జర్మనీవాళ్లు ఈ ఉప్పు మిగలని మందు కనిపెట్టారు. అలాంటి తూటాలు వాడిన రైఫిలుకు ఇప్పుడు కాగుతో పనిలేదు. మసి, సీసం మరకలు వదిలిస్తే చాలు. దానికి పుల్‌త్రూ ఉంటుంది. సైన్యంలో నోరు తిరిగి అది ‘ఫుల్‌త్రూ’ అయింది. ఒక కొసన ఇత్తడి బరువు, ఇంకో కొసన గుడ్డ దూర్చే ముడి ఉన్న తాడది. గుడ్డ పేరు చిందీ. పొడిగా తుడవడానికి నాలుగంగుళాలకు రెండంగుళాలు, నూనెకు నాలుగుకు ఒకటిన్నర.

ముందుగా గదిలో తూటా లేదని కంటితో చూడాలి, వేలితోనూ తడమాలి. తర్వాత బోల్టు తీసి, వెనకనుంచి బరువును జారవిడిచి, మూతివైపునుంచి లాగాలి. ఒకరు రైఫిలు పట్టుకుంటే ఒకరు తాడు లాగడం మంచిది. మధ్యలో ఆగకుండా ఒకే ఊపున, గొట్టానికి నిటారుగా లాగాలి. తాడు పక్కకు ఒరుసుకుంటే మూతి అరిగి గురి చెడుతుంది. చిందీ తెల్లగా వచ్చేదాకా పొడిగుడ్డలు, ఆఖరున నూనె చిందీ ఒకటి. ఫైరింగు తర్వాత మరో రెండు మూడు రోజులు ఇదే మళ్లీ చేయాలి. తొందరపడి నూనెతో మొదలుపెట్టినవాళ్లు, మసీ నూనే కలిసి ముద్దయి, రెట్టింపు గుడ్డలు పాడుచేసి అందరికంటే ఆలస్యంగా లేస్తారు.

ఎన్.సి.సి. 1948లో పుట్టింది, ఆడపిల్లల విభాగం మరుసటేడే వచ్చింది. ఈమధ్య మా కాలేజీలో గూడూరు దగ్గరి తండానుంచి వచ్చే ఒక పిల్ల ఫైరింగు ఎంపికకు నిలబడింది. చేతికిచ్చేవి అయిదే తూటాలు. ఆ అయిదింటితో తేలిపోవాలి. వెనక వరుస తొందరపడుతోంది. ఆ పిల్ల మాత్రం పాయింటు.22 రైఫిలు అందుకుని, “సార్, రాత్రి నూనె పెట్టిన్రు. ఒక్క పొడి చిందీ లాగనియ్యండి” అంది. గొట్టంలో నూనె ఉంటే మొదటి తూటా తోవ తప్పుతుంది. ఆ పిల్లకు పోగొట్టుకోవడానికి మొదటి తూటా లేదు. లాగనిచ్చాను. అరనిమిషం పట్టింది. అయిదు చిల్లులూ అరచేయి కప్పేంత చోటులోనే పడ్డాయి.

ఎంపికైంది. సాయంత్రం తోటివాళ్లు అభినందనలకు చుట్టుముడితే, అరుగు మీద కూర్చుని అదే రైఫిలుకు చిందీ మీద చిందీ లాగుతోంది. “నీ పని అయిపోయింది గదమ్మా, ఇంటికి పో, బస్సు పోతుంది” అన్నాను.

“రేపు దీన్ని పట్టుకునేటోళ్లకు గూడ అయిదే ఇస్తరు గద సార్” అంది తలెత్తకుండా.