నాన్నగారి బూట్లు

యోసెమిటీ ప్రయాణానికి వారం ముందు గరాజ్‌లోంచి నాన్నగారి హైకింగ్ బూట్లు తీశాం. ఆయన ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు కొన్నవి. ఆయన పోయాక ఎవరూ వేసుకోలేదు. ఇప్పుడు మా పెద్దవాడి కాలికి సరిపోయాయి. తీరా చూస్తే రెండింటి అడుగులూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి!

పారేయడానికి చేతులు రాలేదు. మొదట దుమ్ము దులిపి ఏదో జిగురు రాసేశాం. మర్నాటికే ఊడింది. రెండోసారి బుద్ధిగా పాత జిగురంతా గీకి, గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాం. కాంటాక్ట్ సిమెంట్ రెండు వైపులా పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఓ పావుగంట ఆగి, గట్టిగా అదిమాం. ఆ వాసనకి గరాజ్ తలుపు తెరిచే ఉంచాలి సుమండీ! లోపల బియ్యం మూటలు దూర్చి, తాళ్ళతో బిగించి, రెండు రోజులు కదపలేదు. అడుగులోని మెత్తటి పొరే పొడిపొడిగా రాలిపోతుంటే మాత్రం ఏ జిగురూ పనిచేయదు. మా అదృష్టం, అది గట్టిగానే ఉంది.

మిస్ట్ ట్రైల్‌లో 600కు పైగా రాతి మెట్లు. వెర్నాల్ జలపాతం తుంపరకి తడిసి ముద్దయ్యాం. బూట్లు నిలిచాయి. దిగేటప్పుడు కుడి మడమ దగ్గర కాస్త విచ్చింది. మా చిన్నది తన జడ రబ్బరు బ్యాండు తీసి అన్నయ్య బూటుకి బిగించింది.

"తాతయ్యవి కదా, మెల్లిగా నడు" అంది.