ఇరవయ్యారేళ్ళ హాల్‌చాల్

ఖైరియత్ అడిగిన వాళ్ళందరికీ ఒకేసారి జవాబు ఇస్తున్నాను: అల్‌హందులిల్లాహ్, బాగున్నాను. ఉమర్ ఇరవయ్యారు. నౌకరీ ఉంది. షాదీ కాలేదు. ఈ చివరి రెండు సంగతుల మీద మా ఖాందాన్ ఏడాదిగా మీటింగుల మీద మీటింగులు పెడుతోంది కాబట్టి కాస్త తఫ్సీల్‌గా చెప్తాను.

ముందు నౌకరీ. నిజామాబాద్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని చేస్తున్నాను. బోధన్ నుంచి రోజూ పోయి రావడమే. దుకాణాల వాళ్ళ, మిల్లుల వాళ్ళ జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెలలో 11వ తారీఖు జీఎస్టీఆర్-1, 20వ తారీఖు 3బి. ఈ రెండు తారీఖుల దగ్గర నాతో ఎవరూ మాట్లాడొద్దని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ తెలీదు.

దాదీమాకి ఇప్పటికి పదిసార్లు సమ్‌ఝాయించాను.

"క్యా కామ్ హై బేటీ తేరా?"

"దుకాణాల హిసాబ్ సర్కారుకి పంపిస్తా దాదీమా."

"అంటే మునీమ్‌వా?"

కాదంటే కష్టం, అవునంటే ఇంకా కష్టం. మా ఫుప్పు తెలివైనది. దావత్‌లలో నన్ను పరిచయం చేయాల్సి వస్తే "కంప్యూటర్ మే కామ్ కర్తీ" అని చెప్పి బిర్యానీ వైపు వెళ్ళిపోతుంది. నేనేదో కంప్యూటర్ లోపల కూర్చుని పని చేస్తున్నట్టు!

దాదా కాలంలో ఈ ముష్కిల్ లేదు. ఎక్కడ నౌకరీ అంటే "షక్కర్‌నగర్" అనే ఒక్క మాట సరిపోయేది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని మా వాళ్ళు ఇప్పటికీ ఛాతీ విరిచి చెప్తారు. ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన బస్తీకి షక్కర్ పేరే పెట్టారంటే చూడండి. దాదా అక్కడ చెరుకు బండ్ల కాంటా దగ్గర పని చేశారు. దాదీమా లెక్కలో కాంటా దగ్గర మనిషంటే కలెక్టర్ కన్నా కొంచెం ఎక్కువ. క్రషింగ్ సీజన్‌లో ఊరంతా బెల్లం పాకం వాసన వచ్చేదట. సైరన్ మోగితే గడియారం అక్కర్లేదట. దాదా ఆ సైరన్‌తోనే లేచారు, ఆ తన్ఖాతోనే నలుగురు పిల్లల షాదీలు చేశారు, ఇజ్జత్‌గా రిటైర్ అయ్యారు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకి పోయింది, 2015 డిసెంబర్‌లో తాళమే పడింది. ఈ రెండూ జరగడానికి ముందే దాదా వెళ్ళిపోయారు, అల్లాహ్ ఆయన్ని మగ్ఫిరత్ చేయుగాక.

దాదీమా మాత్రం ఇంతెజార్ ఆపలేదు. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ ఫ్యాక్టరీ తెరుస్తారన్న మాట వినబడుతుంది. 2024లో సర్కారు కమిటీ వేసిందని వార్త వచ్చినప్పుడు ఆమె పక్కింటికి షీర్‌ఖుర్మా పంపబోయింది, అమ్మీ ఆపింది. "తెరిస్తే హిసాబ్ చూసేటోళ్ళు కావాల్నా వద్దా? నువ్వు ఆగు" అంటుంది నాతో. ఆమె కళ్ళలో నేను నౌకరీ చేస్తున్నట్టు కాదు, షక్కర్‌నగర్ గేటు తెరిచేదాకా టైంపాస్ చేస్తున్నట్టు.

మా ఆఫీసులో ప్రతి మాల్‌కీ ఒక కోడ్ ఉంటుంది, హెచ్ఎస్ఎన్ అంటారు. మొదటి నెల అవి బట్టీ పడుతుంటే నవ్వొచ్చింది. చక్కెర 1701. బీడీ 2403. పసుపు 0910. మా దాదా, మా అమ్మీ, ఇప్పుడు నేను... మూడు తరాల రోటీ మూడు నంబర్లలో సర్దుకుంది. నిజామాబాద్ పసుపు వ్యాపారుల ఖాతాలు చాలావరకు నా టేబుల్ మీదికే వస్తాయి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలై, హెడ్డాఫీసు మన నిజామాబాద్‌కే వచ్చాక ఆ సేఠ్‌ల నడకే మారింది. "బోర్డు మనదే అమ్మా" అంటూ బిల్లులు మాత్రం 19వ తారీఖు రాత్రి వాట్సాప్‌లో పంపిస్తారు. అదీ ఫోటో తీసి, వంకరగా, చాయ్ గ్లాసు నీడతో సహా.

ఈ ఏడు మార్చి 20 రంజాన్‌లో పడింది. పోర్టల్ తిరుగుతూనే ఉంది, అసర్ అయిపోయింది, చివరి బస్సు గురించి దిల్ ధడక్‌ధడక్. మగ్రిబ్ అజాన్ వినబడేసరికి పక్క సీటు అక్క తన డబ్బాలోంచి ఖజూర్ తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. నేను రోజాలో ఉన్నానని నెల మొదట్లోనే కొనిపెట్టుకుందట. ఇఫ్తార్ చేసి వచ్చేసరికి నా సిస్టంలో ఉన్న మిగతా రెండు రిటర్నులూ ఆమే వేసేసింది. ఆమెకి చాలా దుఆలు.

బస్సు సంగతి వేరే రాయాలి అసలు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అంతకు ముందు నేను ఈ నౌకరీ చేస్తానంటే ఇంట్లో మొదట వేసిన హిసాబ్ బస్సు ఖర్చే. తన్ఖాలో అంత కిరాయికి పోతే మిగిలేదేంటని. ఇప్పుడు ఆ ఏతరాజ్ పోయింది. ఎడపల్లిలో, జానకంపేటలో ఎక్కే ఆడవాళ్ళతో రోజూ ఒక మజ్లిస్ నడుస్తుంది. పెసరట్టు ఎలా వేయాలి నుంచి కోడలిని ఎలా ఓర్చుకోవాలి దాకా అన్నీ అక్కడే నేర్చుకున్నాను. కోడలిని అయ్యే ముందే!

ఆ మాట కూడా చెప్పేస్తాను. ఈ ఏడు నాలుగు రిష్తాలు వచ్చాయి. మూడు వాటంతటవే పోయాయి. నాలుగోది మంచి ఖాందానే, అబ్బాయి షార్జాలో ఉంటాడు. అబ్బాయి అమ్మ, చిన్నమ్మ వచ్చారు. చాయ్, సమోసా, ఉస్మానియా బిస్కట్. నేను దుపట్టా సర్దుకుని కూర్చున్నాను. అంతా బాగానే నడుస్తుండగా ఆ అమ్మ అడిగింది: "షాదీ తర్వాత నౌకరీ మానేస్తుంది కదా?"

మామూలుగా ఇలాంటి చోట మా అమ్మీ "ఇన్‌షా అల్లాహ్, చూద్దాం" అని దాటేస్తుంది. ఆరోజు దాటేయలేదు. మీకు మా అమ్మీ తెలియదు కాబట్టి చెప్పాలి. ఆమె పన్నెండేళ్ళ నుంచి బీడీలు చేసింది. తునికాకు రాత్రి నానబెట్టడం, పొద్దున కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించడం, చాట ఒళ్ళో పెట్టుకుని తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. మా తరగతి పుస్తకాలన్నిటికీ తంబాకు వాసన ఉండేది. అబ్బా దుబాయ్ నుంచి పైసలు పంపని నెలల్లో కూడా మా ఇంట్లో పొయ్యి ఆరలేదంటే ఆ చాట వల్లే. ఇప్పుడు నెలకి 2016 రూపాయల పింఛన్ వస్తుంది, దాంతో పాటు మెడనొప్పి.

అమ్మీ చాయ్ కప్పు కింద పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది. "నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా సాస్ అడిగిన మొదటి సవాల్, పిల్లకి బీడీలు వస్తాయా, పీఎఫ్ ఉందా అని. ఉందంటేనే రిష్తా ఖాయం చేశారు. అప్పుడు పని చేయకపోతే వద్దన్నారు, ఇప్పుడు పని చేస్తే వద్దంటున్నారు. ఆడపిల్ల కమాయి మీకు ఎప్పుడు హలాల్ అవుతుందో ఒకసారి చెప్పండి ఆపా."

ఆ మాటల్లోని సాస్, అంటే మా దాదీమా, పక్కనే తస్బీహ్ తిప్పుతోంది. తిప్పడం ఆపి, "హౌ, నేనే అడిగిన" అంది. వచ్చినవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక సమోసా తీసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. కాదని కూడా అనలేదు. అబ్బాయి తానే ఫోన్ చేసి మాట్లాడతాడట, చూద్దాం. ముకద్దర్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు.

అసలు ఖబర్ ఇది కాదు. ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లో ఒక ఆడిట్ ఫర్మ్‌లో నౌకరీ వచ్చింది. ఇక్కడ పద్నాలుగు వేలు, అక్కడ ఇరవయ్యారు వేలు, అంటే ఉమర్‌కి సమానం! హాస్టల్‌కి ఏడు వేలు పోయినా లెక్క నిలబడుతుంది. లెక్క నిలబడటం వేరు, ఇంట్లో నిలబడటం వేరు. మామూ "లడ్కీ అకేలీ" అన్నాడు. ఫుప్పు "లోగ్ క్యా బోలేంగే" అంది. దాదీమా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్యాక్టరీ తెరిచేలోపు నేను వెళ్ళిపోతున్నానని ఆమె గమ్. నాకు నవ్వు రాలేదు ఈసారి. ఆమె ఆగమంటున్నది ఫ్యాక్టరీ కోసం మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది, పొద్దున మందుబిళ్ళలు ఇచ్చేది నేనే కదా. అమ్మీ మెడ సంగతీ గుర్తొచ్చేది. ఇస్తిఖారా చేశాను. రాత్రుళ్ళు బాగా నిద్రపట్టింది, అంతే, కలలేం రాలేదు.

తేల్చింది అబ్బా. ఆయన ఇంట్లో మాట్లాడేదే తక్కువ, పదకొండేళ్ళు దుబాయ్‌లో ఉండొచ్చాక ఇంకా తగ్గింది. దస్తర్‌ఖాన్ దగ్గర మామూ మళ్ళీ మొదలుపెడితే అన్నాడు: "నేను దుబాయ్ పోయినప్పుడు నాకు పాతికేళ్ళు. భాష రాదు, మనిషి తెల్వదు. అప్పుడు అకేలా అని ఎవరూ అనలే. పాస్‌పోర్ట్ చేయించిండ్రు, అప్పు తెచ్చిండ్రు, స్టేషన్‌ల ఇమామ్ జామిన్ కట్టిండ్రు. ఇది హైదరాబాద్. శనివారం బస్సెక్కితే రాత్రికి ఇంట్ల ఉంటది." తర్వాత దాల్చా అడిగాడు. ఆ మాట మీద ఇంకెవరూ ఏం అనలేదు.

దాదీమా తెల్లారి షర్తులు చెప్పింది. రెండో శనివారం తప్పకుండా రావాలి. ఫజర్‌కి ఫోన్ చేయాలి. మందుల పని చిన్న తమ్ముడికి అప్పగించాలి, వాడు మరిచిపోతే జిమ్మేదారీ నాదే. ఫ్యాక్టరీ తెరిస్తే వెంటనే వెనక్కి రావాలి. అన్నిటికీ హౌ అన్నాను.

వచ్చే నెల 1న జాయినింగ్. ఈలోపు ఇంకో 20వ తారీఖు ఉంది, అది దాటించి పొమ్మన్నారు సార్. సామాన్ల పని నడుస్తోంది. అబ్బా దుబాయ్ సూట్‌కేస్ దించారు, ఒక చక్రం లేదు. అమ్మీ అందులో ఐదు కిలోల పసుపు, రెండు సీసాల మామిడికాయ అచార్, ఒక దుప్పటి, ఇంకో దుప్పటి పెట్టింది. హాస్టల్‌లో మనిషికి ఒక్క అల్మారానే ఇస్తారని ఆమెకి ఇంకా చెప్పలేదు.