మెల్‌బోర్న్ ప్రయాణానికి ముందు

ప్రయాణపు ఏర్పాట్లలో టిక్కెట్టు కన్నా ముందుగా కుదరవలసినది సంకల్పం. ఎందుకు వెళుతున్నామో తేలితే, ఎక్కడెక్కడికి వెళ్లాలో, పెట్టెలో ఏమి సర్దుకోవాలో వాటంతటవే తేలిపోతాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మా అమ్మాయి, అల్లుడు ఎనిమిదేళ్లుగా స్థిరపడి ఉన్నారు. షాబాన్ నెలలో మదరసా వార్షిక పరీక్షలు ముగియగానే మేమిద్దరము అక్కడికి వెళ్లాలని నిశ్చయించుకున్నాము. రమజాన్ నెలవంక కనబడేలోగా తిరిగి రావాలి కనుక మాకు దక్కేవి పన్నెండు రోజులే.

అల్లుడు పంపిన జాబితాలో సముద్రతీరపు రహదారి, ఆకాశాన్నంటే భవనాలు, పేరు మోసిన క్రికెట్ మైదానం ఉన్నాయి. అవన్నీ చూడదగినవే. అయితే మా ప్రణాళికను మలచినది ఏడేళ్ల మనుమడు ఫోనులో అడిగిన ప్రశ్న. “నానా, మనవాళ్లు ఈ దేశానికి నిన్న మొన్ననే వచ్చారట. బడిలో ఒక అబ్బాయి అన్నాడు. అయితే ఇది మన ఊరు కాదా?”

పుట్టిన ఊరు తనది కాదేమోనన్న శంక పసి మనసులో పడితే దానిని నవ్వి తోసివేయరాదు. ఫోనులో చెప్పే రెండు ముక్కలతోనూ అది తీరదు. వాడి చేయి పట్టుకుని నడచి చూపించవలసిన జవాబు అది.

అందుకే మొదటి రోజును రాయల్ పార్కుకు కేటాయించాము. 1860 ఆగస్టు 20న ఆ ఖండాన్ని దక్షిణం నుండి ఉత్తరానికి దాటాలని బర్క్, విల్స్‌ల యాత్రాబృందం బయలుదేరినది ఇక్కడి నుండే. దానికి గుర్తుగా అక్కడ రాళ్లతో కట్టిన స్మారకం ఉంది. ఆ యాత్ర కోసం కరాచీ రేవు నుండి ఓడలో ఇరవైకి పైగా ఒంటెలు వచ్చాయి, వాటితో పాటు వాటిని నడిపేవారూ వచ్చారు. వారిలో ఒకరైన దోస్త్ ముహమ్మద్ ఒంటె దాడిలో చేయి శాశ్వతంగా దెబ్బతిని, మెనిండీ అనే మారుమూల ఊరిలో మిగిలిపోయి, అక్కడి మట్టిలోనే కలిశారు. తరువాతి దశాబ్దాలలో రైలు, రోడ్డు లేని ఎడారి ఊళ్లకు సరుకులు చేరవేసినది ఇటువంటి ఒంటెల బిడారులే. అదే పార్కులో 1862 నాటి జంతుప్రదర్శనశాల ఉంది. కనుక పిల్లవాడికి చరిత్ర పాఠం భారం కాదు.

రెండవ రోజు థార్న్‌బరీలోని ఇస్లామిక్ మ్యూజియం. 2014లో ప్రారంభమైన ఈ సంగ్రహాలయంలో ఒంటెల కాపరుల గాథతో పాటు, ఆంగ్లేయులు స్థిరపడక పూర్వమే సులవేసి దీవి నుండి ఉత్తర తీరానికి వచ్చి వ్యాపారం చేసిన మకస్సర్ నావికుల ముచ్చటా ఉంది.

ఇంతటితో ఆగితే మా జవాబు సగమే అవుతుంది. “మేము మీకన్నా ముందే వచ్చాము” అని మనుమడు బడిలో గర్వంగా చెప్పుకోవడానికి మేము అంత దూరం వెళ్లనక్కరలేదు. ఆ నగరం గుండా పారే యారా నదికి ఆ నేల ఆదివాసులైన వురుంజెరీల భాషలో ‘బిర్రారంగ్’ అని పేరు. 1835లో వలసవాసులు అక్కడ అడుగు పెట్టేనాటికే వారు వేల ఏళ్లుగా ఆ గట్టున జీవిస్తున్నారు. బర్క్, విల్స్ ఎడారిలో మరణించగా, బతికి మిగిలిన కింగ్ అనే వ్యక్తిని ఆకలితో చావనీయక కాపాడినది కూడా ఎడారిలోని ఆదివాసులే. కాబట్టి నేలపై హక్కు చెప్పుకోవడానికి వచ్చిన తేదీ కొలత అయితే, అక్కడున్నవారిలో అత్యధికులు నిన్న మొన్నటివారే. తోడు నడిచినవారు, బరువు మోసినవారు, అన్నం పెట్టినవారు ఎవరో తెలుసుకుంటే చాలు. నది ఒడ్డున కూర్చుని వాడికి చెప్పదలచిన మాట ఇదే.

గ్రంథాలయం చూడనిదే పంతులు ప్రయాణం పూర్తి కాదు. 1856లో తలుపులు తెరచిన రాష్ట్ర గ్రంథాలయంలోకి తొలినాళ్లలో పద్నాలుగేళ్లు నిండినవారెవరైనా రావచ్చునట, చేతులు మాత్రం శుభ్రంగా ఉండాలట! వుజూ చేసి గ్రంథం ముట్టే మా విద్యార్థులకు ఈ నియమం ఎంత నచ్చుతుందో! 1913లో కట్టిన గుమ్మటం కింద, ఎనిమిది పలకల పఠనమందిరంలో ఒక పూట గడపాలి. ప్రవేశం ఉచితం. నగర మధ్యభాగంలో ట్రామ్ ప్రయాణమూ ఉచితమే. జుమా నమాజుకు న్యూపోర్ట్ మస్జిద్‌ను ఎంచుకున్నాము. గ్లెన్ మర్కట్ అనే ప్రఖ్యాత వాస్తుశిల్పి రూపకల్పనలో పాలుపంచుకున్న ఆ మస్జిద్ కప్పులోని రంగుటద్దాల గుండా వెలుగు దిగుతుంది.

ఆరాధనల లెక్క కూడా ముందే వేసుకున్నాము. పదిహేను రోజులకన్నా తక్కువ బస కనుక హనఫీ విధానంలో మేము ప్రయాణికులమే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను విడిగా చేస్తే రెండే చేస్తాము, స్థానిక ఇమాము వెనుక అయితే పూర్తిగా నాలుగు. ఫిబ్రవరిలో అక్కడ వేసవి, మగ్రిబ్ రాత్రి ఎనిమిది దాటాకే. ఖిబ్లా మాత్రం హైదరాబాదులో వలెనే పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఆవరణలో కర్ర పాతి మధ్యాహ్నపు నీడ చూపి జుహర్ వేళ బోధించే మాకు మరో వింత: అక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ నీడను మనుమడితో కొలిపించి, విద్యార్థులకు కొలత తీసుకురావాలని ఉంది.

ఇక పెట్టె సంగతి. పాలపదార్థాలు, మాంసం, విత్తనాల విషయంలో ఆ దేశపు నియమాలు మిక్కిలి కఠినం. చెక్క వస్తువులను కూడా దిగగానే చూపాలి, దాచితే జరిమానా. మా ఇంటావిడ పాలకోవా ఆలోచన మానుకుంది. మిస్వాక్, చెక్క తస్బీహ్ మాత్రం పత్రంలో రాసి చూపుతాము. హలాల్ భోజనానికి చింత లేదు, సిడ్నీ రోడ్డు వెంబడి తురుష్కుల, లెబనాన్‌వారి దుకాణాలు బారులు తీరి ఉంటాయి.

చివరగా మా ఇంటావిడ జాబితాలో మూడు రోజులు గీత గీసి ఖాళీగా ఉంచింది. “ఊరు చూడడానికి కాళ్లు చాలు, బిడ్డను చూడడానికి తీరిక కావాలి” అన్నది ఆమె మాట. ఆ రోజులలో అమ్మాయి వంట చేస్తుంటే పక్కన కూర్చోవడం, మనుమడికి తన పేరును తెలుగులో, ఉర్దూలో రాయడం నేర్పడం మినహా వేరే కార్యక్రమం లేదు.