హై ఐలాండ్: పిట్టలు దిగని రోజే మంచి రోజు

పేరులో దీవి ఉంది గానీ హై ఐలాండ్ దీవి కాదు. అమెరికాలోని టెక్సాస్ తీరంలో, బొలివర్ ద్వీపకల్పం ప్రధాన భూభాగంతో కలిసేచోట ఉన్న చిన్న ఊరది. జనం కొన్ని వందలకు మించరు. చుట్టూ ఉప్పునీటి చిత్తడి, రెల్లు, పశువులు మేసే బీళ్లు. నడుమ సముద్రమట్టానికి దాదాపు 10 మీటర్ల ఎత్తున ఒక దిబ్బ. భూగర్భంలోని ఉప్పు గుమ్మటంలా ఉబ్బి నేలను పైకి నెట్టడంతో ఏర్పడిందది.   10 మీటర్లంటే మూడంతస్తుల మేడంత, కొండల మధ్య పుట్టినవాళ్లకు నవ్వొచ్చే ఎత్తు. కానీ ఆ కాస్త ఎత్తు వల్లే చెట్ల వేళ్లకు ఉప్పునీరు అందదు. ఓక్, హాక్‌బెర్రీ, మల్బరీ చెట్లు గుబురుగా పెరిగాయి. 2008లో ఐక్ తుఫాను ఉప్పెన పక్కనున్న గిల్‌క్రిస్ట్ ఊరిని దాదాపు తుడిచిపెట్టినప్పుడు ఈ దిబ్బ విలువేమిటో మనుషులకూ తెలిసింది.

ఏప్రిల్ వచ్చిందంటే ప్రపంచం నలుమూలల నుంచీ మెడలో బైనాక్యులర్లు వేసుకుని ఇక్కడికి జనం వస్తారు. హ్యూస్టన్ ఆడుబాన్ సంస్థ కాపాడుతున్న బాయ్ స్కౌట్ వుడ్స్, స్మిత్ ఓక్స్ అనే రెండు తోపులే వాళ్ల గమ్యం. దక్షిణ అమెరికా ఆండీస్ పాదాల దగ్గర చలికాలం గడిపిన ఎర్రటి స్కార్లెట్ టానేజర్లు, గొంతు దగ్గర నిప్పురంగు మెరిసే బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్లు, నారింజరంగు బాల్టిమోర్ ఒరియోల్‌లు ఒకే కొమ్మ మీద కనబడే రోజులుంటాయి. అందుకే పర్యాటక ప్రచారాలు దీన్ని పిట్టల స్వర్గం అంటాయి. ఆ మాటతోనే నాకు పేచీ. ఈ ఊరికి పేరు తెచ్చింది పిట్టల సుఖం కాదు, పిట్టల ఆపద.

ఎందుకంటే, వీటిలో చాలా పిట్టలు మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం నుంచి సాయంత్రం పొద్దుగూకాక బయలుదేరి, గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా సుమారు 1,000 కిలోమీటర్ల సముద్రాన్ని ఒక్క ఊపులో దాటుతాయి. దారిలో వాలడానికి చోటు లేదు. వార్బ్లర్ బరువు సుమారు 10 గ్రాములు. బయలుదేరే ముందు ఒంట్లో పేర్చుకున్న కొవ్వే దాని ఇంధనం. అది చాలకపోతే సొంత కండరాన్నే కరిగించుకుంటుంది. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తే మర్నాటి మధ్యాహ్నానికల్లా తీరం కనిపిస్తుంది. అప్పుడవి ఆగుతాయా? ఆగవు. ఎత్తులోనే తీరాన్ని దాటేసి, మేతా నీడా దండిగా దొరికే లోతట్టు అడవుల దాకా పోతాయి. అదే సమయానికి ఉత్తరం నుంచి చలిగాలి, వాన ఎదురైతే కథ మారుతుంది. సత్తువ చచ్చిన పిట్టలు కనబడిన మొదటి చెట్టు మీద కుప్పకూలినట్టు వాలతాయి. చెట్టు దాకా రాలేనివి ఇసుక మీదే పడతాయి, కొన్ని సముద్రంలోనే పోతాయి. పక్షి ప్రియులు ఏడాదంతా ఎదురుచూసే ‘ఫాలౌట్’ ఇదే.

పిట్టలు సముద్రం దాటే వస్తాయని తేలడానికి పెద్ద వాదమే జరిగింది. 1940లలో హ్యూస్టన్‌లో ఇంగ్లిషు సాహిత్యం బోధించే జార్జ్ విలియమ్స్, పిట్టలు గల్ఫ్‌ను దాటవనీ ఒడ్డు వెంబడే చుట్టు తిరిగి వస్తాయనీ వాదించారు. అవి నిజంగా సముద్రం దాటి వస్తుంటే తీరంలో రోజూ గుంపులు కనబడాలి కదా అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. లూసియానాకు చెందిన పక్షి శాస్త్రవేత్త జార్జ్ లోవరీ జవాబు అంతకన్నా పదునైనది: మంచి వాతావరణంలో అవి తీరాన్ని వదిలేసి పైనుంచే వెళ్లిపోతాయి, కాబట్టి తీరంలో ఖాళీ కనబడటమే సహజం. 1960లలో పక్షుల పరిశోధకుడు సిడ్నీ గాతెరో వాతావరణ రాడార్ తెరల మీద సముద్రం నుంచి వచ్చే పిట్టల మందలను చూపించాక సందేహానికి పెద్దగా తావు మిగల్లేదు. విలియమ్స్ చెప్పిన చుట్టుదారి పట్టే పిట్టలూ లేకపోలేదు. అది వేరే సంగతి.

లోవరీ మాట ఒప్పుకుంటే, తోపులో పిట్టలు లేవని నిట్టూర్చే సందర్శకుడు నిజానికి శుభవార్త వింటున్నాడు. ‘వెనకటి రోజుల్లో కొమ్మ కొమ్మకీ పిట్ట ఉండేది, ఇప్పుడేదీ?’ అని పాతకాపులు అంటారు. పిట్టలు తగ్గాయన్నది అబద్ధం కాదు. 1970 నుంచి ఉత్తర అమెరికా పక్షుల సంఖ్య దాదాపు 290 కోట్లు తగ్గిందని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కానీ దానికి సాక్ష్యం ఈ తోపులో దొరకదు. ఇక్కడి లెక్క ఆ రోజు గాలిని చెబుతుంది గానీ జాతి క్షేమాన్ని చెప్పదు. రాడార్ కూడా ఒకే మాట మీద లేదు. 1960లకూ 1980ల చివరికీ మధ్య గల్ఫ్ దాటే రోజులు సగం దాకా తగ్గాయని గాతెరో చూపితే, 1995 నుంచి 2015 దాకా చూసిన మరో పరిశీలనలో పెద్ద మార్పు కనబడలేదు. ఏటా వసంతంలో గల్ఫ్ తీరాన్ని దాటేవి సుమారు 210 కోట్లని అది అంచనా కట్టింది.

మరి మంచి రోజుల్లో పిట్టలకు అక్కర్లేని తోపుకి ఇంత కాపలా ఎందుకన్న ప్రశ్న రాకమానదు. ఉప్పెన ఆశ్రయ భవనాన్ని ఏడాదిలో ఎన్ని రోజులు నిండిందన్న లెక్కతో ఎవరూ కూల్చరు. పైగా గాలి బాగున్న రోజున కూడా కొవ్వు తక్కువై బయలుదేరిన పిట్టలు కొన్ని ఉంటాయి, వాటికి లోతట్టు అడవి అందదు. చుట్టుపక్కల వేరే అడవి ఉంటే ఈ తోపులు గొప్ప కావు; లేదు గనకే గొప్ప.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఒక జీవి చావు అంచున వచ్చి వాలితే దాన్ని చూసి మురవడం ఏం మర్యాద? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సందర్శకులు కట్టే ప్రవేశ రుసుము తోపుల నిర్వహణకే పోతుందన్నది నిజం. బాయ్ స్కౌట్ వుడ్స్‌లో మడుగు ఎదుట బల్లల మీద కదలకుండా కూర్చుంటే పిట్టకు నష్టం లేదన్నదీ నిజమే. ఫోన్‌లో దాని కూత వినిపించి బయటికి రప్పించే పని మాత్రం క్షమించరానిది. మిగిలిన కాస్త సత్తువను లేని పోటీదారుడి మీద ఖర్చు చేయించడమది.

అసలు ముప్పు చూసేవాళ్ల నుంచి కాదు, రాత్రి దీపాల నుంచి. 2017 మే మొదటివారంలో ఒక తుఫాను రాత్రి గాల్వెస్టన్‌లో 23 అంతస్తుల భవనం దీపాలకు దారితప్పి, గోడలకు కొట్టుకుని దాదాపు 400 పిట్టలు చనిపోయాయి. ఆ తర్వాత అక్కడ దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. తీరం దాటిన పిట్టలు మళ్లీ రాత్రిళ్లు ఉత్తరానికి సాగే దారి హ్యూస్టన్ మహానగరం మీదుగానే. కేటీ, షుగర్‌ల్యాండ్ వంటి దాని శివార్లలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సెలవు రోజున గాల్వెస్టన్ బీచికి వెళ్లేవాళ్లలో చాలామందికి ఫెర్రీ దాటి గంటలోపు చేరగలిగే ఈ తోపు సంగతి తెలియకపోవచ్చు. ఏప్రిల్, మే రాత్రుల్లో వరండా దీపం ఆర్పడానికి మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

వెళ్లదలచినవాళ్లు ఏప్రిల్ రెండో వారం నుంచి మే మొదటి వారం మధ్య వెళ్లాలి, ముందు గాలి చూసుకోవాలి. దక్షిణపు గాలైతే స్మిత్ ఓక్స్ చెరువులో గూళ్లు కట్టుకునే గులాబీరంగు తెడ్డుమూతి కొంగలు, తెల్లకొంగలు ఎలాగూ ఉంటాయి; వాటికోసమే పోవచ్చు. పొద్దున ఉత్తరం నుంచి వాన దిగుతోందని తెలిస్తే మధ్యాహ్నం రెండింటికల్లా తోపులో ఉండాలి, తెల్లవారుజామున లేచి పరుగెత్తడం దండగ. సముద్రం దాటేవాళ్లు అప్పటికింకా నీటి మీదే ఉంటారు.