పెళ్లి కాలేదన్న కాగితం

విదేశీయుడు ఢిల్లీలో పెళ్లాడాలంటే ముహూర్తం కన్నా ముందు ఒక ముద్ర కావాలి. ఆ ముద్ర కోసం రాజధానిలో తిరిగిన ఓ మేనమామ అనుభవం

చాణక్యపురిలోని శాంతిపథ్‌లో ఉదయం ఎనిమిదింటికే క్యూలు మొదలవుతాయి. విశాలమైన రోడ్డు, రెండు వైపులా చెట్లు, ఎత్తయిన ప్రహరీలు, వాటి వెనక రకరకాల దేశాల జెండాలు. గేట్ల ముందు ఫైళ్లు గుండెకు హత్తుకున్న జనం. వాళ్లలో నూటికి తొంభై మంది దేశం దాటడానికి వీసా కోసం వచ్చినవాళ్లే. మేం మాత్రం వేరే పని మీద వచ్చాం. నా మేనకోడలు పెళ్లాడబోతున్న అమెరికా కుర్రాడు తనకింకా పెళ్లి కాలేదని రుజువు చేసుకోవాలి.

మా అక్క కూతురు గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తూ దక్షిణ ఢిల్లీలో అద్దెకుంటోంది. గుంటూరు పిల్ల. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురిని గంపలో మోసుకొచ్చేవాడు మేనమామ. నా వంతుకు గంప బదులు ఫైలు వచ్చింది.

అమెరికా రాయబార కార్యాలయం 1959లో ప్రారంభమైంది. ఎడ్వర్డ్ డ్యురెల్ స్టోన్ గీసిన ఆ జాలీ గోడల భవనం ఢిల్లీలో చూడదగ్గ కట్టడాల్లో ఒకటి. అపాయింట్‌మెంట్ తీసుకున్న కుర్రాడు పాస్‌పోర్టుతో లోపలికెళ్లాడు. అధికారి ఎదుట ప్రమాణం చేసి, సంతకం పెట్టి, ముద్రకు 50 డాలర్లు కట్టి, గంట తర్వాత ఒక కాగితంతో బయటికొచ్చాడు. నా మేనకోడలు దాన్ని రెండుసార్లు చదివింది. "మావయ్యా, ఇతనికి పెళ్లి కాలేదని అమెరికా ప్రభుత్వం చెప్పడం లేదు. నాకు పెళ్లి కాలేదని ఇతను చెప్పాడని మాత్రమే చెబుతోంది" అంది.

నిజమే. అమెరికాలో పెళ్లిళ్ల నమోదు రాష్ట్రాల, కౌంటీల పని. ఎవరికి పెళ్లయింది, ఎవరికి కాలేదు అని చెప్పే జాతీయ రిజిస్టరు అక్కడ లేదు. అందుకే వాళ్ల కాన్సులేట్లు నిరభ్యంతర పత్రం ఇవ్వవు. దాని బదులు అఫిడవిట్ ఇస్తాయి. జర్మనీ వాళ్లకైతే స్వస్థలంలోని రిజిస్ట్రీ కార్యాలయం పెళ్లి అర్హత పత్రం ఇస్తుంది. దాని ఆయుష్షు ఆరు నెలలు. జపాన్‌లో ప్రతి కుటుంబానికీ రిజిస్టరు ఉంటుంది కాబట్టి దాని ఆధారంగా ధ్రువపత్రం వస్తుంది. ఇలా ఒక్కో గేటు ముందు ఒక్కో పద్ధతి. పేర్లు వేరైనా అందరూ నిరూపించాల్సింది ఒకటే, లేని పెళ్లి లేదని.

ఆ రాత్రి బావకు ఫోన్‌లో సంగతి చెబితే ఆయన నవ్వాడు. "అంటే అతనే చెప్పి, అతనే సంతకం పెట్టి, ఎదురు డబ్బు కట్టి వచ్చాడన్నమాట. ఈ మాత్రానికి ఇంత హడావిడి దేనికి? ఇద్దరినీ అన్నవరం తీసుకొస్తే సత్యనారాయణస్వామి సన్నిధిలో తాళి కట్టించేస్తాను. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు."

బావ మాట తేలిగ్గా తీసెయ్యలేక, మర్నాడు తిలక్ మార్గ్‌లో సుప్రీంకోర్టుకు వెళ్లాను. అక్కడ ప్రాక్టీసు చేస్తున్న మిత్రుడు ఒకడున్నాడు. "మీవాళ్ల కేసుతోనే మీ బావగారికి జవాబు చెప్పొచ్చు" అంటూ అతను 2008 డిసెంబరు 4 నాటి తీర్పు తీశాడు. విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో మొదలై, హైకోర్టు మీదుగా ఢిల్లీ చేరిన తెలుగు జంట కథ అది. అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు. 1996లో గుడిలో తాళి కట్టాడు. కొద్దిరోజులకే హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు కూడా చేయించారు. చివరికి సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఆ చట్టం కింద పెళ్లి ఇద్దరు హిందువుల మధ్యే జరగాలి, కాబట్టి ఆ పెళ్లి చెల్లదు, రిజిస్ట్రేషన్ ఉన్నా చెల్లదు అని.

మా అమెరికా కుర్రాడు కూడా పుట్టుకతో క్రైస్తవుడే. మతం మారే ఉద్దేశం అతనికి లేదు, మార్చాలన్న ఆలోచన మా పిల్లకూ లేదు. అలాంటప్పుడు మిగిలింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దీని ప్రకారం ఇద్దరిలో ఒకరైనా నోటీసిచ్చే జిల్లాలో అప్పటికి కనీసం 30 రోజులుగా నివసిస్తూ ఉండాలి. మ్యారేజ్ ఆఫీసర్ ఆ నోటీసును బోర్డు మీద పెట్టాలి. 30 రోజుల్లో అభ్యంతరాలేవీ రాకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. నోటీసిచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి కాకపోతే కథ మళ్లీ మొదటికే. ఆ తర్వాత అన్నవరంలో తాళి కట్టించుకున్నా, గుంటూరులో పందిరి వేసుకున్నా ఎవరి ఇష్టం వారిది.

మేం నోటీసిచ్చిన కార్యాలయం పేరు చెప్పను. అఫిడవిట్ చూడగానే అక్కడి గుమాస్తా పెదవి విరిచాడు. "ఎంబసీ నుంచి ఎన్.ఓ.సి. తెమ్మన్నాం, ఇది అఫిడవిట్." ఎన్.ఓ.సి. బదులు ఇచ్చేదే ఇదని కాగితం పైనే రాసుంది. అయినా రెండుసార్లు వెనక్కి పంపాడు. కుర్రాడి తిరుగు ప్రయాణం టిక్కెట్టు తేదీ దగ్గరపడుతోంది. మూడోసారి నేరుగా అధికారి గదిలోకి వెళ్లాం. ఆవిడ కాగితం పూర్తిగా చదివి, అర నిమిషంలో సంతకం చేసింది. అప్పటికి పదకొండు రోజులు పోయాయి.

అంతకన్నా మా అక్కను భయపెట్టింది నోటీసు బోర్డు. కారిడార్‌లో గాజు తలుపు వెనక వరసగా జంటల వివరాలు. పేర్లు, వయసు, వృత్తి, చిరునామా అన్నీ. దారినపోయే వారెవరైనా చదవొచ్చు. మా పిల్లకు దాచుకోవాల్సిందేమీ లేదు. కానీ ఆ బోర్డు మీదున్న మిగతా పేర్లు చూస్తే, ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటలెన్నో ఉండొచ్చనిపించింది. చట్టంలో అభ్యంతరానికి అనుమతించే కారణాలు కొన్నే. జీవించి ఉన్న భర్తో భార్యో ఉండటం, వయసు చాలకపోవడం, మానసికంగా సమ్మతి తెలపలేని స్థితి, దగ్గరి బంధుత్వం లాంటివి. కులం, మతం, పెద్దల కోపం ఆ జాబితాలో లేవు. అయినా బోర్డు మీది చిరునామా చాలు, బెదిరించేవాళ్లకు.

ఈ సంగతి కోర్టులూ గుర్తించాయి. ఇలాంటి నోటీసులను జంటల ఇళ్లకు పంపడం తగదని ఢిల్లీ హైకోర్టు 2009లో చెప్పింది. జంట రాతపూర్వకంగా కోరితేనే నోటీసు ప్రకటించాలని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తీర్పిచ్చింది. ఇక్కడే రాజధాని ప్రాంతపు విచిత్రం కనిపిస్తుంది. మెట్రో బ్లూ లైన్ ఎక్కి యమున దాటితే నోయిడా, అది అలహాబాద్ హైకోర్టు పరిధి. యెల్లో లైన్ చివరన గుర్గావ్, అది పంజాబ్-హర్యానా హైకోర్టు పరిధి. ఒకే కేంద్ర చట్టం, ఒకే మెట్రో కార్డు, మూడు హైకోర్టులు. స్టేషన్ మారితే బోర్డు సంగతి కూడా మారొచ్చు.

ఎదురుచూపుల్లో ఒకరోజు మిత్రుడితో కలిసి తిలక్ మార్గ్ మీదే ఉన్న పటియాలా హౌస్ దాకా నడిచాను. లుటియెన్స్ గీసిన పటియాలా మహారాజు భవనం ఇప్పుడు కోర్టులకు నెలవు. దాని అనుబంధ భవనంలో విదేశాంగ శాఖ ధ్రువీకరణ కార్యాలయం. పరాయి దేశంలో పెళ్లాడబోయే మనవాళ్లకు ఇదే శాంతిపథ్. 'మా అబ్బాయికి పెళ్లి కాలేదు' అన్న అఫిడవిట్‌కు నోటరీ ముద్ర, దానికి స్థానిక అధికారి ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్. హేగ్ ఒప్పందం కింద భారత్‌లో 2005 జులైలో అమల్లోకొచ్చిన ఈ ముద్ర ఉంటే, ఆ ఒప్పందం మన విషయంలో వర్తించే దేశాల్లో మళ్లీ ఎంబసీ చుట్టూ తిరగక్కర్లేదు. 2019 నుంచి హైదరాబాద్‌లోనూ ఈ పని అవుతోంది కాబట్టి మన జనం ఢిల్లీ రైలెక్కే బాధ తగ్గింది. అక్కడి కుర్రాడు ఇక్కడ నిరూపించుకుంటున్నదే, ఇక్కడి కుర్రాడు అక్కడ నిరూపించుకోవాలి.

దారిలో మిత్రుడు ఇంకో కేసు చెప్పాడు. 1975లో తిరుపతిలో పెళ్లి. కొన్నేళ్లకు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991 జులై 9న తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో, సాధారణంగా ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణంతోనే అది రద్దు కావాలంది. "గుట్ట మీద పెళ్లి జరిపించేటప్పుడు ఎవరైనా కాగితం అడిగారంటావా?" అన్నాడు మిత్రుడు.

పెళ్లికి ముందురోజు అక్కాబావలు వచ్చారు. మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు తీసుకెళ్లాను. అమెరికా కుర్రాడు గోంగూరతో కుస్తీ పడుతుంటే, నేను బావకు తిరుపతి కేసు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా అక్కే అంది, "మన వీధిలో ఆ అమ్మాయి గుర్తుందా? కారు, ఇల్లు, జీతం, గ్రీన్‌కార్డు అన్నీ విచారించారు. అక్కడ అతనికి అప్పటికే భార్య ఉందని వెళ్లాక తెలిసింది. ఆర్నెల్లకు తిరిగొచ్చింది."

ఇలా తిరిగొచ్చిన అమ్మాయిల ఫిర్యాదుల కోసం ఢిల్లీలోని జాతీయ మహిళా కమిషన్ 2009లోనే ప్రత్యేక విభాగం పెట్టింది. ప్రవాస భారతీయులు పెళ్లయిన 30 రోజుల్లో తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలంటూ 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఇలాంటి పెళ్లిళ్లకు సమగ్ర చట్టం కావాలని, పాస్‌పోర్టులో వివాహ వివరాలు ఉండాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 287వ నివేదికలో సిఫార్సు చేసింది. పరాయి దేశం పిల్లాడిని గుమాస్తా మూడుసార్లు తిప్పి అడిగిన ప్రశ్నను, మనం మన సంబంధాల్లో ఒక్కసారి కూడా అడగం. అడిగితే అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారని మొహమాటం.

కాగితం ఉన్నంత మాత్రాన మనిషి నిజం చెబుతాడని కాదు. అబద్ధం చెప్పేవాడు ప్రమాణం చేసీ చెప్పగలడు. కానీ అప్పుడది మాట తప్పడం కాదు, నేరం. మోసపోయిన పిల్ల చేతిలో కన్నీళ్లతో పాటు ఒక సాక్ష్యం మిగులుతుంది.

మర్నాడు అధికారి గదిలో పెళ్లి పావుగంటలో అయిపోయింది. నువ్వు నా భార్యవు, నువ్వు నా భర్తవు అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. మేళం లేదు, అక్షింతలు మా అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వచ్చాయి. సాక్షులుగా నేను, పిల్ల స్నేహితురాలు సంతకాలు పెట్టాం. మూడో సాక్షి బావ. కలం అందుకునే ముందు ఆ ఎంబసీ కాగితం ఒకసారి చూపించమన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. తర్వాత సంతకం చేశాడు.

బయటికొచ్చాక ఆ కాగితం జిరాక్స్ ఒకటి కావాలన్నాడు. ఎందుకని అడిగాను. జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ చెప్పాడు. "చిన్నదానికి అమెరికా సంబంధం ఒకటి వచ్చింది. ఇలాంటిదే తెమ్మని అడుగుతా."