ముదిమియే మరణకారణమా?

మా మేనత్తగారు 82వ యేట ఒక వైద్యశాలలో కాలధర్మము నొందిరి. పండ్రెండు దినములు మంచముననే యుండిరి. పదమూడవనాటి యుదయమున హఠాత్తుగా ఆయాసము హెచ్చి, గడియలోపల ప్రాణము పోయెను. కారణమేమని యడుగగా పెద్ద వైద్యుడు "వయస్సు" అనిరి. ఆయన క్రింద పనిచేయు యువవైద్యుడు మాత్రము, "మీరు సమ్మతించినచో శవపరీక్ష చేసి నిజము తెలిసికొందుము" అని వినయముగా నడిగెను. "ఇదేమి పోలీసు కేసా? ముసలిప్రాణిని కోయనిత్తుమా?" అని మా పెద్దలు మండిపడిరి. సంస్కరణములను గూర్చి వ్యాసములు వ్రాయు మేము నోరు మెదపలేదు.

పోలీసువారి పరీక్ష చట్టమును బట్టి జరుగును. ఇది బంధువుల సమ్మతిచే మాత్రమే జరుగును. ఒక్క యవయవమునే పరిశీలింపుడని కోరవచ్చును. పిదప దేహమును కుట్టి యప్పగింతురు. దహనమునకు ఆటంకము లేదు. ఇంతమాత్రము చెప్పుటకైనను మాకు నాడు ధైర్యము చాలలేదు.

పాడువా నగరపు ఆచార్యుడు మోర్గాగ్ని 1761లో, తన 79వ యేట, సుమారు 700 శవపరీక్షల వృత్తాంతములు ప్రకటించి, రోగమునకు దేహమున నొక స్థానము కలదని చూపెను. నేడు యంత్రములుండగా ఇది యేల యందురా? బోస్టనులోని యొక వైద్యశాలలో 1960, 1970, 1980 సంవత్సరముల శవపరీక్షలను నూరేసి చొప్పున పరిశీలించి 1983లో ఫలితములు ప్రకటించిరి. తెలిసియున్నచో చికిత్స మారి ఆయువు పెరిగియుండదగిన రోగము, మూడు కాలములందును, నూటికి సుమారు పదిమందియందు మరుగుననే యుండెను. యంత్రములు పెరిగినను ఆ లెక్క తగ్గలేదు.

వృద్ధులయందు రోగము మారువేషమున వచ్చును. జ్వరము లేకయే న్యుమోనియా, నొప్పి లేకయే గుండెపోటు రావచ్చును. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరి నిమిషములలో ప్రాణము తీయవచ్చును. మా అత్తగారి యెడమపిక్క వాచియుండెను. వయస్సువలన వచ్చిన వాపని తలచి మేమందరము ఉపేక్షించితిమి. అదియే కారణమో కాదో మాకిక నెన్నటికిని తెలియదు. ప్రక్కమంచమున మరియొక వృద్ధురాలు పరుండియుండెను. ఆమెకైనను ఆ జ్ఞానముపయోగపడియుండునేమో!

అత్తగారు ఇరుగుపొరుగులకు పెట్టి మిగిలినది తినినవారు. ఆమె తుదిదానమును అడ్డగించినది మేమే. దుఃఖసమయమున వివేకము నిలువదు. కావున పెద్దలు జీవించియుండగనే వారి యభిప్రాయమును అడిగి తెలిసికొనుట మేలు. మా సమ్మతిని మా బిడ్డలకు ఇదివరకే తెలిపియున్నాము.