పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, గడియారమే తప్పు

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది తమిళ మీడియం చదువు, ఇంట్లో నేర్చిన తెలుగు. మాట అటూ ఇటూ ఉంటే సర్దుకోండి.

పోయిన వారం మన గేటు కెమెరా ఆఫీసు కంప్యూటర్‌లో కనబడడం ఆగిపోయింది. 'యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు' అని వస్తోంది. అదే వారం ఒక సైకిల్ కూడా పోయింది. ఇంకేం, గ్రూపులో మాటలు లేచాయి. కెమెరా బిగించిన అబ్బాయి బాకీ కోసం పాస్‌వర్డ్ మార్చేశాడని ఒకరు, వాచ్‌మన్ ఎవరికో చెప్పేశాడని ఇంకొకరు. వాచ్‌మన్‌ని మార్చేద్దాం అనేదాకా వచ్చింది.

రిటైరైనవాళ్లం ముగ్గురం కూర్చుని చూశాం. ముందు బ్రౌజర్‌లో కెమెరా ఐపీ అడ్రస్ కొట్టి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చాం. తెరుచుకుంది. అంటే పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. మరి సాఫ్ట్‌వేర్‌ని ఎందుకు రానివ్వడం లేదు?

కెమెరా సెట్టింగ్స్‌లో తేదీ చూస్తే 1970 జనవరి! చాలా కంప్యూటర్ల కాలం లెక్క మొదలయ్యేది అక్కడినుంచే. కరెంటు పోయి వచ్చాక కెమెరా తన టైమ్ మరిచిపోయి అక్కడికి వెళ్లిపోయింది.

వేరువేరు కంపెనీల కెమెరాలు, సాఫ్ట్‌వేర్‌లు కలిసి పనిచేయడానికి ఆన్‌విఫ్ అనే పద్ధతి ఉంది. 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టాయి. ఇందులో సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌ని అలాగే పంపదు. పాస్‌వర్డ్, అప్పటి టైమ్, ఒకసారికే పనికొచ్చే ఒక గుర్తు, మూడూ కలిపి ముద్రలా చేసి పంపుతుంది. పాత ముద్రని దొంగిలించి ఎవరూ మళ్లీ వాడకూడదని ఈ ఏర్పాటు. రెండు గడియారాలకీ తేడా ఎక్కువైతే చాలా కెమెరాలు వద్దంటాయి. రైల్వే భాషలో చెబితే, అసలైన అట్ట టికెట్టే, కానీ దానిమీద తేదీ ముద్ర వేరే రోజుది. టీటీఈ ఒప్పుకుంటాడా?

గడియారం ఒకటి కాకపోతే పని నడవదని మన మద్రాసుకి ఎప్పుడో తెలుసు. 1906లో దేశమంతటికీ ఒకే టైమ్ రాకముందు రైళ్లు నడిచింది మద్రాస్ టైమ్ మీదే.

టైమ్ జోన్ 5:30 పెట్టి, ఇంటర్నెట్‌నుంచి టైమ్ తీసుకునే ఎన్‌టీపీ ఆన్ చేశాం. కెమెరాలో డీఎన్‌ఎస్ అడ్రస్ కూడా సరిగ్గా ఉండాలి, లేకపోతే ఎన్‌టీపీ పేరు దొరకదు. ఒక్క నిమిషంలో గేటు కనబడింది.

మీ ఇంట్లో ఇదే తంటా వస్తే, టైమ్ సరిగ్గా ఉన్నా లాగిన్ కాకపోతే, ఇంకో మూడు చూడండి. కొన్ని కెమెరాల్లో ఆన్‌విఫ్‌కి వేరే యూజర్‌ని చేయాలి. పాత పాస్‌వర్డ్‌తో సాఫ్ట్‌వేర్ తనంతట తానే మళ్లీ మళ్లీ కొడుతుంటే కెమెరా లాక్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆపి కాసేపు ఆగండి. ఆర్‌టీఎస్‌పీ అడ్రస్‌లోనే పాస్‌వర్డ్ రాసేటప్పుడు అందులో '@' ఉంటే '%40' అని రాయాలి.

విసుగొచ్చి ఫ్యాక్టరీ పాస్‌వర్డే పెట్టేద్దాం అనకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ అలాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. పాస్‌వర్డ్‌ని ఈ గ్రూపులో కూడా పెట్టొద్దు.

ఇకమీద ప్రతి నెలా మొదటి ఆదివారం, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, కెమెరాల టైమ్ చూసి రిజిస్టర్‌లో రాస్తాం. 1970 అని పడిన వీడియోని పట్టుకెళ్లి పోలీసులకి ఏమని చెబుతాం?

సైకిల్ ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం. వాచ్‌మన్ మాత్రం ఆ మెసేజ్‌లు చదివాడు. రాసినవాళ్లు గేటు దగ్గర ఆగి ఒక్క మంచి మాట చెబితే బాగుంటుంది.